బోషి, కబురు

ఈమధ్య జపనీస్ నేర్చుకుంటున్నా కదా, ఇవాళ టోపీ దగ్గరే ఆగిపోయా. టోపీని బోషి అంటారు, బో కాస్త సాగదీయాలి. దాని పక్కనొచ్చే క్రియ నాకు తెగ నచ్చేసింది. మనం టోపీ అయినా కళ్ళజోడు అయినా పెట్టుకుంటాం అనేస్తాం, అక్కడ అలా కుదరదు, నెత్తిమీద పెట్టుకునేదానికి కబురు, చొక్కాకి కిరు, ప్యాంటుకీ బూట్లకీ హకు, కళ్ళజోడుకి కకెరు. కబురు మన మాటలాగే ఉంది కాబట్టి ఇక మర్చిపోను. హెల్మెట్‌కీ అదే, నెత్తిన నీళ్ళు కుమ్మరించుకున్నా అదే! తీసేటప్పుడు మాత్రం టోపీకీ చొక్కాకీ బూట్లకీ నుగు ఒక్కటే, హాయి. టోపీ పెట్టుకున్న మనిషి అంటే బోషి ఒ కబుత్తె ఇరు హితో. జపాన్‌లో చాలాచోట్ల చిన్న క్లాసుల పిల్లలు రోడ్డుమీద బాగా కనబడాలని పసుపు టోపీలతో బడికెళ్తారు, వాటిని కీరోయ్ బోషి అంటారు.