మా బేస్‌బాల్ లీగులో జీతాల పంచాయితీ, సగం సగం ఎందుకొద్దంటున్నానంటే

సంక్రాంతికి అందరం ఊళ్లో ఉంటాం కాబట్టి మా లీగులో జీతాల పని అప్పుడే పెట్టుకుంటాం. తెలీని వాళ్లకి చెప్తున్నా, ఇది కంప్యూటర్లో ఆడే బేస్‌బాల్ లీగు, 12 టీములు, ఓనర్లలో నలుగురం శ్రీకాకుళం, ముగ్గురు వైజాగు, మిగతా ఐదుగురు అమెరికాలో సెటిలైనవాళ్లు, ఆటగాళ్లంతా గేమ్ పుట్టించిన పేర్లే. ఈ ఏడాది ఇద్దరు ముగ్గురు ఆర్బిట్రేషన్ రూలు, అంటే జీతం కుదరకపోతే మధ్యవర్తులు తేల్చే రూలు, మార్చి పాత సగం సగం పద్ధతికి పోదాం అంటున్నారు, నాకది అస్సలు నచ్చలేదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

అసలు రూలు మేజర్ లీగ్ వాళ్లది, అంటే అమెరికాలో అన్నిటికన్నా పెద్ద బేస్‌బాల్ లీగు. అక్కడ ఆటగాడికి మామూలుగా మొదటి మూడేళ్లు టీము ఎంతిస్తే అంతే, ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్, ఎక్కడికైనా పోవచ్చు. మధ్యలో ఆ మూడేళ్లే గొడవ. జీతం కుదరకపోతే టీము ఒక అంకె, ఆటగాడు ఒక అంకె రాసిస్తారు, ముగ్గురు ఆర్బిట్రేటర్లు రెండు వైపులా విని రెండిట్లో ఒకటి ఎంచుతారు, మధ్య అంకె చెప్పే అధికారం వాళ్లకి లేదు. 1973లో ఒప్పుకున్నారు, 1974లో మొదలైంది, ఇప్పటికీ అదే నడుస్తోంది. జనవరిలో అంకెలు ఇచ్చుకుంటారు, వాదనలు ఇక్కడ అరసవల్లిలో రథసప్తమి హడావిడి ఉండే రోజుల్లోనే అటూ ఇటూగా అవుతుంటాయి.

మేం మొదట్లో ఏం చేశామంటే మన ఊళ్లలో పెద్దమనుషులు తేల్చినట్టే తేల్చాం, నువ్వంత అన్నావు వాడింత అన్నాడు, సరే మధ్యలో కానీండి అని. రెండు సీజన్లకే పాడైపోయింది. సగం చేస్తారని ముందే తెలుసు కదా, ఇంక నిజం అంకె ఎవడు రాస్తాడు? ఒక పిచ్చర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, ఓనరు 3 మిలియన్ డాలర్లు రాశాడు, ఆ పిచ్చర్ తరఫున 14 రాశారు, లీగు నడిపే కమిషనర్ 8.5 అని తేల్చీసాడు, ఆ కుర్రాడి విలువ ఏ లెక్కన చూసినా 6 దాటదు. అంటే ఎవడు ఎక్కువ సాగదీస్తే వాడిదే గెలుపు అన్నమాట.

అందుకని ఒకటే ఎంచాలనే రూలు పెట్టుకున్నాం. ఆటగాడు కంప్యూటర్లో పేరే కాబట్టి వాడి తరఫున ఇంకో ఓనర్ ఏజెంటుగా వాదించాలి, సంబంధం లేని ముగ్గురు ఓనర్లు తీర్పు చెప్పాలి. పోయిన సంక్రాంతికి నా షార్ట్‌స్టాప్‌ది (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) వచ్చింది, ఏజెంటుగా మా అత్త కొడుకు పడ్డాడు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతూ "ఏటి బావా, నా మీదే వాదిస్తావా" అంటే "టీము నీదే గానీ ఈ రోజుకి నేను ఆ గుంటడి తరఫు మనిషిని" అన్నాడు, నిజంగానే మూడు రాత్రులు కూర్చుని అదే సర్వీసున్న, అంటే లీగులో అన్నే ఏళ్లు ఆడిన షార్ట్‌స్టాప్‌ల జీతాలన్నీ పట్టుకొచ్చాడు.

నేను 5.2 రాశాను, తను 7.4. రెండిటికీ మధ్య 6.3. ముగ్గురూ వాడి విలువ 6.5 దాకా ఉంటుందనుకున్నారు, అది 7.4కే దగ్గర, నేను ఓడిపోయాను. అదే నేను 5.8 రాసుంటే మధ్య 6.6కి జరిగేది, అదే 6.5 నా వైపుకి వచ్చేది. 6 లక్షల డాలర్లు మిగుల్చుకోవాలని చూసి 16 లక్షలు ఎక్కువ కట్టాను. ఆ దెబ్బకి అర్థమైంది, ఈ రూలులో అంకె ఎంత న్యాయంగా రాస్తే అంత బలం. ఆ భయం వల్లే చాలామంది అసలు పంచాయితీ దాకా రాకుండా ముందే మాట్లాడుకుని కుదుర్చుకుంటున్నారు, మాకు పోయినేడు తొమ్మిది మందిలో ఏడుగురివి అలాగే అయిపోయాయి.

వాదనలో ఏం మాట్లాడాలన్నది కూడా మేజర్ లీగ్ నుంచే తీసుకున్నాం. పోయిన సీజన్ ఎలా ఆడాడు, కెరీర్ మొత్తం ఎంత నిలకడ, అలాంటి వాళ్లకి ఎంతిస్తున్నారు, గాయాలున్నాయా, ఇవి చెప్పొచ్చు. టీము దగ్గర డబ్బుల్లేవు అనకూడదు, బేరంలో ముందు ఎంత ఇస్తామన్నారో ఎత్తకూడదు, వేరే ఆటల జీతాలు తేకూడదు, అంటే ఐపీఎల్‌లో ఫలానా వాడికి ఇన్ని కోట్లు అనే మాట మా దగ్గర చెల్లదు.

రూలు వద్దనేవాళ్ల మాటలో ఒకటి మాత్రం నిజం, మనసులు కష్టపడతాయి. 2023లో మేజర్ లీగ్ పిచ్చర్ కార్బిన్ బర్న్స్ 10.75 మిలియన్లు అడిగాడు, వాడి టీము బ్రూవర్స్ 10.01 అన్నారు, తేడా 7 లక్షల 40 వేల డాలర్లు, బర్న్స్ ఓడిపోయి ఆ వాదనలో విన్న మాటలకి బాధపడ్డానని బయటికే చెప్పాడు, ఏడాది తిరక్కుండా ట్రేడ్‌లో బాల్టిమోర్‌కి వెళ్లిపోయాడు. మన దగ్గర ఆటగాడికి బాధ లేదు గానీ ఓనర్లకి ఉంటుంది, ఒకడి టీము గురించి ఇంకొకడు తక్కువ చేసి మాట్లాడితే పండక్కి కలిసినప్పుడు మొహాలు తిప్పుకున్నవాళ్లు ఉన్నారు. దానికి మందు సగం సగం కాదు. వాదన ఒక్కో వైపు పది నిమిషాలే పెడదాం, లెక్కలు తప్ప వేరే మాట రానివ్వద్దు, తీర్పుకి కారణాలు అడగొద్దు.

సర్వీసు రోజుల సంగతి కూడా ఒకటుంది. 172 రోజులుంటేనే ఒక ఏడాది, 171 అయితే కాదు, 2015లో మేజర్ లీగ్ ఆటగాడు క్రిస్ బ్రయంట్‌కి జరిగింది అదే, 171 దగ్గరే ఆగిపోయింది. మాలో కూడా ఆటగాణ్ణి రెండు వారాలు కింద లీగులో ఉంచి, ఫ్రీ ఏజెంట్ కావడాన్ని ఇంకో ఏడాది లాగేస్తున్నారు, దాన్ని ఆపాలని వేరే తీర్మానం పెడతాను.

ఓటింగ్ ఆదివారం రాత్రి, అమెరికా వాళ్లకి పొద్దున్న. అదే షార్ట్‌స్టాప్‌కి రెండో ఏడాది అంకె కూడా అప్పుడే తెరుస్తారు, నేను 8.1 రాసి కవరు కమిషనర్‌కి ఇచ్చీసాను, మళ్లీ ఏజెంటు మా బావే.