లైసెన్స్ చేతికొచ్చింది, ఇక ఎవరి దగ్గర చేరాలి?

మా అక్క కొడుకు కెనడాలోని ఒంటారియోలో చదువు ముగించి, వర్క్ పర్మిట్ మీద గోదాముల్లో పనిచేస్తూ, ఈమధ్యే ఏజెడ్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. ఎయిర్ బ్రేకులున్న ట్రాక్టర్ ట్రైలర్, అంటే వెనక ట్రైలర్ తగిలించిన పెద్ద ట్రక్కు నడపడానికి కావాల్సింది అదే. చెల్లెలి పెళ్లికని వాడూ, అక్కడే ట్రక్కు నడిపే నేను సెలవు పెట్టుకునీ ఒకేసారి హైదరాబాద్ వచ్చాం. పెళ్లి సందడి సద్దుమణిగాక, వనస్థలిపురంలో అక్కవాళ్ల డాబా మీద కూర్చుని ఫోన్లో వచ్చిన ఆఫర్లన్నీ చూపించాడు. ‘‘ఎవలు ముందుగాల పిలిస్తే వాళ్ల దగ్గర చేరుత మామా, ఎక్కడైనా ట్రక్కే గదా’’ అన్నాడు.

ఆ మాట నాకు మింగుడుపడలేదు. రెండో కంపెనీ, మూడో కంపెనీ ఎలా ఉన్నా సర్దుకోవచ్చు. మొదటిది అలా కాదు. చేతికి పని ఎలా వస్తుంది, రికార్డు ఎలా ఉంటుంది, చివరికి పీఆర్, అంటే అక్కడ శాశ్వత నివాసం వస్తుందా రాదా అన్నది కూడా చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అక్కవాళ్లింటికి దగ్గర్లోనే ఆటోనగర్. అక్కడ లారీ లైనులో ఉన్న పెద్దవాళ్లను ఎవరినడిగినా క్లీనర్‌గా మొదలుపెట్టామనే చెబుతారు. రాడ్డుతో టైర్లు కొట్టి, చప్పుడును బట్టి గాలి సంగతి చెప్పడం, టార్పాలిన్ కట్టి తాడు బిగించడం, బండి వెనక్కి వస్తుంటే నిలబడి ‘రానీ రానీ’ అని కేకేయడం. ఇవన్నీ ఏళ్ల తరబడి చేశాక, ఎప్పుడో ఖాళీ రోడ్డు మీద గురువు కాసేపు స్టీరింగు ఇస్తాడు. ఒంటారియోలో ఆ మెట్టే లేదు. 2017 జులై 1 నుంచి కనీసం 103.5 గంటల శిక్షణ తప్పనిసరి చేశారు. అంతకుముందు అదీ లేదు. ఆ గంటలు పూర్తిచేసి పరీక్ష పాసైతే లైసెన్స్ వస్తుంది గానీ పని రాదు. ఆ మిగతాది నేర్పాల్సింది మొదటి యజమానే.

నేర్పకపోతే ఏమవుతుందో కెనడా మొత్తానికీ తెలుసు. 2018 ఏప్రిల్ 6న సస్కాచెవాన్‌లో, స్టాప్ గుర్తు దగ్గర ఆగకుండా అడ్డంగా వచ్చిన ట్రక్కుకు హంబోల్ట్ జూనియర్ హాకీ జట్టు బస్సు గుద్దుకుని 16 మంది చనిపోయారు. ట్రక్కు నడిపిన కుర్రాడు మన దేశం నుంచి వెళ్లినవాడే. ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. నేరం ఒప్పుకున్నాడు, 8 ఏళ్ల జైలు శిక్ష పడింది. డ్రైవింగ్ గంటలు రాసే లాగ్ పుస్తకాలు, భద్రతా నిబంధనలు సరిగా పాటించనందుకు కంపెనీ యజమానికి పడింది 5,000 డాలర్ల జరిమానా. చనిపోయిన పిల్లల తల్లిదండ్రుల బాధ ముందు మరే మాటా నిలవదు. అయినా మన పిల్లల్ని ఆ సీట్లో కూర్చోబెట్టే ముందు ఈ రెండు శిక్షలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నేను ఎవరికైనా చెబుతాను.

కొత్తవాళ్లను తీసుకునే కంపెనీలు అసలే తక్కువ. చాలాచోట్ల ఇన్సూరెన్స్ వాళ్లు రెండు మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఆ ఖర్చు భరించి, పక్కన ట్రైనర్‌ని కూర్చోబెట్టి నేర్పించేవాళ్లు కొందరున్నారు. కొత్తవాడికి వేరే దారి లేదని తెలిసి వాడుకునేవాళ్లూ ఉన్నారు. అల్లుడి ఫోన్లోని మెసేజ్‌లలో ఎక్కువ ఈ రెండో రకమే. మైలుకు మంచి రేటు, కటింగులు ఉండవు, ‘ఇన్‌కార్పొరేషన్ తెచ్చుకుంటే చాలు’. అంటే నీ పేరున ఒక కంపెనీ పెట్టుకో, మేం జీతం ఇవ్వం, నీ కంపెనీకి బిల్లు కడతాం అని. అక్కడ దీన్ని డ్రైవర్ ఇంక్ అంటారు. ట్రక్కు వాళ్లది, లోడు వాళ్లది, ఎప్పుడు ఎక్కడికెళ్లాలో చెప్పేదీ వాళ్లే. పేరుకు మాత్రం నువ్వు యజమానివి. పెన్షన్‌కు వాళ్ల వాటా కట్టరు. నిరుద్యోగ బీమా ఉండదు, సెలవు జీతం ఉండదు, నడుం విరిగితే పరిహారం ఉండదు. కటింగులు లేవన్న ఆనందం పన్నుల శాఖ ఆ కంపెనీని పర్సనల్ సర్వీసెస్ బిజినెస్‌గా, అంటే కంపెనీ ముసుగులో ఉన్న ఉద్యోగిగా లెక్కగట్టే దాకే. చిన్న వ్యాపారాలకిచ్చే పన్ను రాయితీ దానికి వర్తించదు. ఉద్యోగిని ఇలా కాంట్రాక్టరుగా చూపించడాన్ని ఫెడరల్ లేబర్ కోడ్ 2021 నుంచి నిషేధించింది కూడా. అయినా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.

పీఆర్ కోసం చూస్తున్నవాడికి అసలు దెబ్బ ఇంకొకటి ఉంది. 2022 నవంబరు నుంచి ట్రక్కు డ్రైవర్ పని, పాయింట్లను బట్టి పీఆర్‌కు ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి పనికొస్తోంది. అందులో కెనడాలో పనిచేసినవాళ్ల కోసం ఉన్న కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాసులో 1,560 గంటల అనుభవం చూపించాలి. కానీ స్వయం ఉపాధి కింద చేసిన పని అందులో లెక్కలోకి రాదు. ఏడాదంతా మంచులో ఒళ్లు హూనం చేసుకుని నడిపి, చివరికి కాగితాల మీద ఒక్క గంట కూడా లేకపోతే ఆ కుర్రాడు ఎవరికి చెప్పుకోవాలి? వర్క్ పర్మిట్ గడువు మాత్రం ఆగదు.

అక్క కింద నుంచి టీ పట్టుకొచ్చి ఇదంతా వింది. ‘‘తమ్మీ, నువ్వు చెప్పేది మంచిదే. మరి లోన్ ఎట్ల కట్టాలె?’’ అంది. ఆ భయం నాకు అర్థమైంది, ఇల్లు తాకట్టులో ఉంది. రెండు రకాల ఆఫర్లనూ కాగితం మీద పెట్టి లెక్క వేశాం. జీతం ఇచ్చే కంపెనీలో గంటకు ఇంత, వారంలో 60 గంటలు దాటితే ఓవర్‌టైమ్, ఏటా కనీసం 4 శాతం సెలవు జీతం. రెండోదాంట్లో మైలు రేటు, అందులోంచి అకౌంటెంట్ ఫీజు, పన్ను. రేటులో కనిపించిన తేడా చాలామటుకు కరిగిపోయింది. అక్క ఇంకేమీ అనలేదు.

నేర్పడం గురించి వాడికి ఒక్కటే చెప్పాను. నా మొదటి చలికాలంలో, ఒంటారియోలోని మిల్టన్‌లో ట్రక్కు యార్డులో తెల్లవారకముందే ట్రైలర్ తగిలించుకుని కదిలాం. నాకంతా బాగానే ఉందనిపించింది. ట్రైనర్ ఆపమన్నాడు. అద్దంలోంచి ట్రైలర్ వెనక చక్రాలు చూడమన్నాడు. ఒక చక్రం తిరగడం లేదు, మంచు మీద ఊరికే జారుతూ వస్తోంది. రాత్రి తడి పట్టి బ్రేకు షూలు డ్రమ్ముకు అంటుకుని గడ్డకట్టాయి. లోపల కూర్చున్నవాడికి ఏ తేడా తెలియదు. అలాగే పోనిస్తే పొడి రోడ్డెక్కగానే ఆ టైరు ఒకచోటే అరిగి పేలుతుంది. దిగి, సుత్తితో డ్రమ్ము మీద కొట్టి విడిపించడం ఆయనే చూపించాడు. కదిలిన ప్రతిసారీ అద్దం చూడటం నాకు అప్పటి నుంచే అలవాటు. పక్కన మనిషి లేకుండా ఇది ఎవరికి తడుతుంది?

మిగతావి కూడా అడిగి తేల్చుకోమన్నాను. ట్రైనర్ ఎన్ని వారాలు ఉంటాడు? లోడు ఎక్కించే, దించే డాక్ దగ్గర గంటలు కాచుకున్నప్పుడు డబ్బులిస్తారా? బండికి గీత పడితే జీతంలో కోస్తారా? మంచు తుఫానులో ఆగిపోవాలా వద్దా అనే నిర్ణయం డ్రైవర్‌దా, ఆఫీసు నుంచి బండ్లు పంపే డిస్పాచర్‌దా? రోజుకు 13 గంటల డ్రైవింగ్ దాటకూడదన్నది చట్టం. లాగ్ మేం సర్దుతాంలే అన్నవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. కంపెనీ భద్రతా రికార్డు ఒంటారియోలో సీవీఓఆర్ పేరుతో ఉంటుంది, కొద్దిపాటి రుసుము కడితే ఎవరికైనా ఇస్తారు.

ఇక్కడినుంచే ట్రక్కు ఉద్యోగం కొనుక్కుందామని లక్షలు పట్టుకు తిరిగేవాళ్లకు ఒక మాట. ఉద్యోగం ఇచ్చినందుకు డబ్బు తీసుకోవడం అక్కడ నేరం. జాబ్ ఆఫర్‌కు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఇచ్చే పాయింట్లు కూడా 2025 మార్చి 25న తీసేశారు.

ఆ రాత్రి, అక్కడ పొద్దున ఆఫీసులు తెరిచే వేళకు అల్లుడు ఫోన్లు చేశాడు. ఇన్‌కార్పొరేషన్ లేకపోతే కుదరదన్నవాళ్లకు థాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఒక కంపెనీ ఆరు వారాలు ట్రైనర్‌తో, గంటల లెక్కన జీతం, మొదటి చలికాలం ఒంటారియో దాటి పంపం అంది. రేటు మిగతావాళ్లకన్నా తక్కువే. వెళ్లగానే ఆ కంపెనీలో రోడ్ టెస్ట్ ఇస్తున్నాడు.