గన్నేరు ఆకు కింద రెండు నీలి కళ్లు

ఉదయం 7.30. గన్నేరు కొమ్మ చివర లేత ఆకులు ఈనెల దాకా మాయం. కింది ఆకుల మీద పెంటికలు ఇంకా తడారలేదు. అంటే తిన్నవాడు పైనే ఉన్నాడు. కాసేపు వెతికితే దొరికింది: డాఫ్నిస్ నెరై అనే రెక్కల పురుగుకు (మాత్) చెందిన గొంగళిపురుగు, ఏడు సెంటీమీటర్ల పైమాటే, వెనక పసుపు కొమ్ము, పక్కలంట తెల్ల గీత. ఇంత లావు పురుగూ తలకిందులుగా వేలాడుతుంటే ఆకుల్లో కలిసిపోయింది.

మెత్తటి బ్రష్షుతో నడుము మీద తాకితే కదల్లేదు. కనబడకుండా ఉండడమే దాని మొదటి రక్షణ, దాన్ని తేలిగ్గా వదులుకోదు. తల వెనక తాకేసరికి మాత్రం తలను లోపలికి లాక్కుని ముందుభాగాన్ని కిందికి వంచింది. మూడో కణుపు ఉబ్బింది. అంతవరకు ముడతల్లో సగం మూసుకున్న మచ్చలు విప్పారాయి. ముదురు అంచు, లోపల నీలం, నడుమ తెలుపు. అసలు తల ఎక్కడుందో వెతుక్కోవాలి. ఎదుట ఉన్నదల్లా రెండు పెద్ద కళ్లున్న ఇంకేదో ముఖం.

చాలామంది ఇక్కడే పరిశీలనను పాడుచేసుకుంటారు. ముచ్చటేసి మళ్లీ మళ్లీ పొడుస్తారు. అలా వరసగా పొడిస్తే పురుగు పట్టించుకోవడం మానేస్తుంది, పైగా అలసిపోతుంది. ‘ఈ జాతి బెదిరించదు’ అని నోట్సులోకి ఎక్కేది ఇలాగే. రెండుసార్లు తాకితే చాలు, మధ్యలో అరగంట వదిలేయాలి. తాకిన చోటు, ఎంతసేపటికి మామూలు భంగిమకు వచ్చింది, ఈ రెండూ తప్పకుండా రాసుకోవాలి.

నక్కి ఉన్న పురుగు ఉన్నట్టుండి రంగో మచ్చలో చూపి శత్రువును అదరగొట్టడమే ఉలికిపాటు ప్రదర్శన. దీనికి అసలు చిక్కు సమయంతోనే. పిట్ట ఇంకా చూడకముందే రంగు చూపిస్తే ‘ఇక్కడున్నాను’ అని కేకేసి పిలిచినట్టే. ఆలస్యమైతే అప్పటికే ముక్కులో ఉంటుంది. అందుకే ఎప్పుడు చూపించాలన్నది ఒక్కో జాతికి ఒక్కో తీరు. ఆస్ట్రేలియాలోని అక్రిపెజా రెటిక్యులాటా అనే మిడత తనను పట్టుకునేదాకా ఓపిక పడుతుంది, ఆ తర్వాతే రెక్కలెత్తి ఎరుపు, నీలం, నలుపు పట్టీలున్న పొట్ట చూపిస్తుంది. వింతగా అనిపిస్తుంది గానీ అది రుచికి చేదు, ఒళ్లు గట్టి. ఒక పోటుకు తట్టుకోగలిగినవాడికే ఆ ధైర్యం.

11 గంటలు. పక్క పొదలో గొల్లభామ, పూర్తిగా ఎదిగిన ఆడది. ఎదురుగా నెమ్మదిగా వెళితే కొమ్మ చుట్టూ తిరిగి అవతలికి నక్కుతుంది, అంతే. పైనుంచి నీడ ఒక్కసారిగా పెద్దదవుతూ రావాలి. అరచేతిని అర మీటరు ఎత్తు నుంచి గబుక్కున దించితే నిలబడిపోయింది: ముందు కాళ్లు రెండూ పక్కలకు విప్పి, రెక్కలు పైకెత్తి, నోరు తెరిచి. కాళ్ల లోపలివైపు, మొదట్లో, నల్ల మచ్చలు, నడుమ తెల్ల చుక్క. ఇది మాంటిస్ రెలిజియోసా అనడానికి అదే గుర్తు. చెవి దగ్గర పెడితే సన్నగా బుస వినిపిస్తుంది, పొట్టను వెనక రెక్కల ఈనెలకు రాయడం వల్ల. నోటితో కాదు.

కుబుసం విడిచిన రోజున దీన్ని కదపకూడదు, ఒళ్లు మెత్తగా ఉంటుంది, కాలు వంకరపోతుంది. రెక్కలు రాని పిల్లలకు పరిచి చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు, వాటికి పారిపోవడమే మేలు.

ఇదంతా ఉత్త బెదిరింపేనా, పనిచేస్తుందా అన్న అనుమానం తీర్చే లెక్క ఒకటుంది. 2005లో స్వీడన్ పరిశోధకులు పీకాక్ సీతాకోకచిలుకలను బ్లూ టిట్ పిట్టల ముందు వదిలారు. కంటి మచ్చలున్న 34లో చచ్చింది ఒక్కటే. మచ్చలకు రంగు పూసేసిన 20లో 13 పోయాయి. ఆ సీతాకోకచిలుకకు విషం లేదు, కుట్టదు. దాన్ని కాపాడింది చటుక్కున విప్పిన రెక్కల మీది మచ్చలే.

ఆ మచ్చలు కళ్లలా ఉన్నందుకు పిట్టలు భయపడుతున్నాయా, కొట్టొచ్చినట్టు ఉన్నందుకా అన్న తగువు ఇంకా నడుస్తూనే ఉంది. రెండూ కలిసే పనిచేస్తాయనడమే సబబు. అలవాటు పడడం సంగతి మాత్రం స్పష్టం. కాటొకాలా అనే ప్రజాతి రెక్కల పురుగుల బొమ్మలతో బ్లూ జే పిట్టల మీద 1985లో జరిగిన ప్రయోగంలో, ఒకే నమూనా పదేపదే చూసిన పిట్ట ఉలిక్కిపడడం మానేసింది. కొత్త నమూనా రాగానే మళ్లీ అదిరింది. ఆ ప్రజాతిలో వెనక రెక్కలకు ఎరుపు, పసుపు, నారింజ, నలుపు ఇన్ని రకాలెందుకో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

రాత్రి 8.45. దీపం కింద గోడ మీద ఎండుటాకు. ఆకు కాదు, పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు, యూడోసిమా. బ్రష్షు తగలగానే ముందు రెక్కలు జరిపింది, కింద నారింజ రంగు, నల్లటి వంపు మచ్చ. వెంటనే ఎగరలేదు, రెక్కలు వణికించసాగింది. బరువైన రెక్కల పురుగులు ఛాతీ కండరాలను అలా వేడెక్కించుకుంటే గానీ లేవలేవు. అవతలివాడు తటపటాయించే ఆ కాస్త వ్యవధీ దొరికితే చాలు. లేచి అవతలి గోడ మీద వాలి, నారింజను మూసేసింది. వెతికే కళ్లు నారింజ కోసం వెతుకుతాయి, అక్కడున్నది ఎండుటాకు.

పడుకోబోయే ముందు టార్చితో గన్నేరు దగ్గర. పొద్దుటి పురుగు గోధుమ రంగుకు తిరుగుతోంది, కాండం మీదుగా కిందికి దిగుతోంది. ప్యూపా కట్టే ముందు ఎండుటాకుల్లో చోటు చూసుకోవాలి దానికి. బ్రష్షు తీయలేదు.