సింకు, సంగటి, పాల ప్యాకెట్ మూల

మొన్న ఆదివారం పొద్దున్నే సింకు నిండిపోయింది. నీళ్లు దిగవు, పైన చెనిక్కాయల ఊరిబిండి రోలు కడిగిన జిడ్డు తెట్టె కట్టి తేలుతాంది. ప్లంబర్‌కు ఫోన్ చేస్తే పెళ్లిలో ఉండా, రేపు చూద్దాం అన్యాడు. కడపలో పెళ్లిళ్ల సీజన్‌లో ఇంక రేపు అంటే ఎప్పుడో మీకూ తెలుసు.

సరే అని మొదట మరిగే నీళ్లు కుమ్మరించినా. నీళ్లు దిగలే, కింద ప్లాస్టిక్ పైపు మాత్రం మెత్తబడి ఒక పక్కకు వాలింది. పీవీసీకి అంత వేడి పడదు, 80 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఆ సంగతి నాకు పోసినంక గుర్తొచ్చింది. తర్వాత వంటసోడా ఏసి నిమ్మకాయ పిండినా. బుస్సున పొంగింది, చూడ్డానికి భలే ఉంటుంది గానీ సోడా, పులుపు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, జిడ్డు మాత్రం యాడిది ఆడనే ఉంటుంది.

అంగడికి పోతే డ్రెయిన్ పౌడర్ తీస్కపో అన్నారు. తేలే. దాంట్లో ఉండేది కాస్టిక్ సోడా, నీళ్లు తగిల్తే కాగుతుంది, సత్తు (అల్యూమినియం) గిన్నెకు తగిల్తే గిన్నెను తినేసి హైడ్రోజన్ వదుల్తుంది, మా సంగటి గిన్నె సత్తుదే. పైగా అది కూడా పనిచేయక పైపు ఇప్పాల్సొస్తే ఆ నీళ్లన్నీ మన చేతుల మీదికే కదా, ఈ ముక్క మాత్రం అంగట్లో ఎవరూ చెప్పరు.

ఇంక పైపు ఇప్పడమే. "నీకెందుకురా ఈ పని, ఉండేదాన్ని యాడ పగలగొడ్తావో" అని అమ్మ. మగ్గుతో సింకులో నీళ్లు తోడేసి, కింద బకెట్ పెట్టి, సింకు అడుగున ఉండే కప్లింగ్ కింద నట్టు చేత్తోనే తిప్పినా, పాన అవసరం రాలే. మాది అందరిళ్లలో ఉండే తెల్ల స్ప్రింగు పైపే. ఆ ముడతల్లోనే ఉంది కథంతా. ప్రతి ముడతలో నూనె గడ్డకట్టి, దానికి సంగటి అంబలి అతుక్కుని నల్లగా జిగురులాగా అయింది, దాంట్లో కరివేపాకు ఈనెలు, చింతగింజ ఒకటి, అన్నిటికీ అడ్డంగా పాల ప్యాకెట్ కత్తిరించిన మూల. ఆ ముక్క పోతే పోయింది అని ఇన్నాళ్లూ మనమే సింకులో పడేస్తాంటిమి.

మా అవ్వోళ్ల ఊళ్లో ఈ సంగటి గిన్నె నానబెట్టిన నీళ్లు కుడితి తొట్టిలోకి పోతాండె, బర్రె తాగుతాండె. టౌన్లో బర్రె లేదు, సింకే మాకు బర్రె.

పైపును పెరట్లో సబ్బు నీళ్లతో, పాత బ్రష్‌కు గుడ్డ చుట్టి తోమినా, అరగంట పట్టింది, వాసన గురించి చెప్పను. బిగించేటప్పుడు నడిమధ్యన యూ ఆకారంలో వంచి తీగతో కట్టినా, ఆ వంపులో నీళ్లు నిల్చుంటే మోరీ వాసన, బొద్దింకలు పైకి రావు. అప్పటిదాకా తిన్నగా మోరీలోకే దోపి ఉంది. కొళాయి తిప్పి చూస్తే చుక్క చుక్క కారుతాంది, మళ్లీ ఇప్పితే రబ్బర్ వాషర్ వంకరగా కూర్చోనుంది. సరిచేసినాక నిల్చింది.

అయినా అమ్మ కింద ఒక స్టీలు గిన్నె పెట్టింది. మూడు రోజులైంది, గిన్నె పొడిగానే ఉంది, తీయనీదు.