ఆగిన కంప్రెసర్‌లోకి చేరే గ్యాస్

ఏసీ, కూలింగ్ మెషిన్ల కంప్రెసర్ స్టార్ట్ చేయగానే సైట్ గ్లాసులో (ఆయిల్ కనిపించే అద్దంలో) ఆయిల్ పాలలా పొంగిందా? మెషిన్ ఆగి ఉన్నప్పుడు గ్యాస్ (రిఫ్రిజరెంట్) క్రాంక్‌కేస్‌లోకి, అంటే కంప్రెసర్ అడుగున ఆయిల్ ఉండే చోటికి, చేరిందన్నమాట. అది చల్లని చోటికే పోతుంది, పైగా ఆయిల్‌లో ఇట్టే కలిసిపోతుంది. స్టార్టింగ్‌లో ప్రెజర్ పడగానే మరిగి ఆయిల్‌ని లేపుకుపోతుంది, బేరింగులకు తడి ఉండదు.

క్రాంక్‌కేస్ హీటర్ ఆయిల్‌ని బయటి గాలికంటే 10 డిగ్రీలైనా వేడిగా ఉంచాలి. కరెంటు చాలాసేపు పోయి వస్తే, కనీసం 12 గంటలు హీటర్ వేశాకే స్టార్టింగ్. ఆదా అంటూ హీటర్ వైరు పీకేసేవాళ్లకు ఏం చెప్తాం!

నా ఓటు పంప్‌డౌన్‌కే, అంటే ఆపేముందు లో ప్రెజర్ వైపు గ్యాస్‌ని లాగేసే పద్ధతికే. థర్మోస్టాట్ లిక్విడ్ లైన్ సోలెనాయిడ్‌ని (కరెంటు వాల్వ్‌ని) మూస్తుంది, ప్రెజర్ పడ్డాక లో ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపుతుంది. ఆగాక మాటిమాటికీ ఆన్ అవుతుంటే సోలెనాయిడో, కంప్రెసర్ వాల్వో లీకవుతున్నట్టే. కేపిలరీ (సన్న గొట్టం) మెషిన్లకైతే ప్లేట్ మీద రాసిన గ్రాములకు మించి గ్యాస్ ఎక్కించొద్దు.