పడుకున్నా తీరని నిద్ర

నిద్ర పట్టదన్న బాధ నాకు ఏనాడూ లేదు. దిండు మీద తల పెడితే చాలు, గురక మొదలు. గాజువాకలో మా వీధిలో సగం మంది షిఫ్టు డ్యూటీల వాళ్లే. మాత్ర వేసుకుంటే తప్ప పడుకోలేనివాళ్లు కొందరు, డ్యూటీ దిగాక ఓ పెగ్గు పడాల్సినవాళ్లు ఇంకొందరు. అలాంటివాళ్ల మధ్య నా నిద్ర చూసి అందరూ కుళ్లుకునేవారు.

ఇబ్బంది వేరే వైపు నుంచి వచ్చింది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవాల్సి వచ్చేది. పొద్దున్న లేచేసరికి నోరు ఎండిపోయి, తల దిమ్ముగా ఉండేది. షుగరేనని అమ్మ తేల్చేసింది, నాన్నకీ అలాగే మొదలైందట. పరగడుపున చేయిస్తే నార్మల్, తిన్నాక చేయిస్తే నార్మల్. మూడు నెలల సగటు చూపే పరీక్షలోనూ ఏమీ లేదు. బీపీ మాత్రం 160/100 దగ్గర కూర్చుంది. ఒక మాత్ర రెండయినా దిగలేదు. "టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఏ టెన్షనో నాకూ అర్థం కాలేదు.

నేను ఒక ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటర్‌ని. సీ షిఫ్టులో, అంటే రాత్రి డ్యూటీలో, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య కళ్లు వాలిపోవడం ఎవరికైనా ఉన్నదే. ఒంటి వేడి బాగా పడిపోయేది ఆ వేళకే. కానీ నాకు ఏ షిఫ్టయినా ఒకటే. పట్టపగలు జనరల్ షిఫ్టులో లాగ్ బుక్‌లో రీడింగులు రాస్తుంటే పెన్ను కిందికి జారి గీత పడిపోయేది. ఓ రోజు మా షిఫ్ట్ ఇన్‌చార్జి ఆ పేజీ తిప్పి చూసి, "ఇదేటి, కంప్రెసర్‌కి ఈసీజీ తీసినావా?" అన్నాడు. అందరూ నవ్వారు. తిరిగే మిషన్ల పక్కన అలా జారడం నవ్వులాట కాదని ఆయనకీ తెలుసు. మర్నాడు పక్కకి పిలిచి, మంచి డాక్టరుకి చూపించుకోమన్నాడు.

మహారాణిపేట వైపు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మెడకి టేపు పెట్టి కొలిచాడు. 17 అంగుళాలు దాటింది. బస్సులో కూర్చుంటే కునుకు పడుతుందా అని అడిగాడు. కూర్మన్నపాలెం నుంచి కాంప్లెక్స్ దాకా కూర్చుని వెళ్తూ కునుకు తీయనివాళ్లు ఎవరైనా ఉంటారా? తర్వాత నన్ను వదిలేసి మా ఆవిడ వైపు తిరిగాడు. "గురక మధ్యలో ఆగుతుందామ్మా?"

"ఆగుతుందండి. కాసేపు చప్పుడే ఉండదు. తర్వాత గొంతు పట్టేసినట్టు ఒక్కసారిగా గట్టిగా లాగుతారు. అది మళ్లీ మొదలయ్యేదాకా నాకు భయం. నేనే లెక్కపెట్టుకుంటూ ఉంటాను."

ఇన్నేళ్లలో ఆ మాట నాతో అనలేదు. ఎందుకని తర్వాత అడిగితే, "పొద్దున్న మీరు బాగానే ఉండేవారు కదా" అంది. నేను పడుకున్నాననుకున్న ప్రతి రాత్రీ మా ఇంట్లో ఇద్దరికీ నిద్ర లేదన్నమాట.

జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. తడిసిన పేపర్ స్ట్రాతో కొబ్బరి నీళ్లు పీలిస్తే స్ట్రా గోడలు అతుక్కుపోయినట్టు, గాలి దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు అదిరిపడి లేపుతుంది. మనకి గుర్తుండదు. ఆ అదురుపాటుకే బీపీ ఎగబాకుతుంది. మూసుకున్న గొంతుతో ఛాతీ గాలి కోసం లాగుతుంటే గుండె గది సాగి, ఒక హార్మోన్ వదిలి, ఉప్పునీ నీళ్లనీ బయటికి పంపమని కిడ్నీలకి చెబుతుందట. రాత్రి మూత్రం సంగతి అదీ. మందు కొడితే గొంతు ఇంకా వదులవుతుంది, నిద్రమాత్రల్లో కొన్నిటిదీ అదే పని.

తలకీ ఛాతీకీ వైర్లు అంటించి, వేలికి క్లిప్పు పెట్టి ఒక రాత్రంతా పరీక్ష చేశారు. ఊపిరి ఆగడమో బాగా తగ్గిపోవడమో గంటకి 38 సార్లు. 30 దాటితే తీవ్రమైనదే. ఆక్సిజన్ ఓ దశలో 79 శాతానికి దిగింది.

వైద్యం సీపాప్ మిషన్. ముక్కుకి మాస్కు, దానికో గొట్టం, వెనక చిన్న బ్లోయర్. 1980ల మొదట్లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సలివాన్ తొలి మిషన్ని వాక్యూమ్ క్లీనర్ మోటారుతో చేశాడని తెలిసి నాకు భలే సరదా వేసింది. బతుకంతా ప్రెషర్ గేజులు చూసేవాణ్ని కదా, నా మిషన్‌కి పెట్టిన ప్రెషర్ 9 సెంటీమీటర్ల నీటిమట్టం అంటే వెంటనే అర్థమైంది. గొంతు మూసుకోకుండా నిలబెట్టడానికి అంత ఒత్తిడి సరిపోతుంది.

మొదట్లో నరకమే. మాస్కు అంచున గాలి లీకై కళ్లలోకి కొట్టేది. ఏసీ వేస్తే గొట్టంలో నీళ్లు చేరి గరగరమనేవి, ఏసీ ఆపితే మన విశాఖ ఉక్కపోత. గొట్టానికి గుడ్డ తొడుగు కుట్టి మా ఆవిడ ఆ గరగర ఆపింది. హుద్‌హుద్ తుఫానప్పుడు రోజుల తరబడి కరెంటు లేని సంగతి గుర్తొచ్చి ఇన్వర్టర్ కూడా పెట్టించాను.

ముందుగా తగ్గింది మూత్రానికి లేవడం. తర్వాత తలనొప్పి. బీపీ మాత్ర రెండు నుంచి ఒకటికి రావడానికి నెలలు పట్టింది, బరువు కూడా తగ్గాల్సి వచ్చింది.

మిషన్ చేయలేని పని ఒకటుంది, రాత్రి డ్యూటీ దిగాక పగటి నిద్రని కాపాడటం. వేసవిలో ఇక్కడ ఐదున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు. సీ షిఫ్టు దిగి ఆ వెలుతురులో ఇంటికొస్తే, ఒంట్లో గడియారం తెల్లారిందనుకుంటుంది. అందుకే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని బండి నడిపి, ఇంటికి రాగానే ముదురు కర్టెన్లు వేసేస్తాను. ఫోను మా ఆవిడ దగ్గర ఉంటుంది. గ్యాస్ బండ వచ్చినా, చుట్టాలొచ్చినా మధ్యాహ్నం దాకా నన్ను లేపరు. అమ్మకి మాత్రం పగలు పడుకోవడం ఇంకా బద్ధకంలాగే కనిపిస్తుంది.

నా తర్వాత డ్యూటీ ఎక్కే రిలీవర్‌కీ నాలాగే గురక, నాలాగే లావు మెడ. "ఏటి బావా, ఆ మిషనేదో ఒక్క రాత్రికి ఇవ్వరాదా, చూసి ఇచ్చేస్తాను" అన్నాడు. ప్రెషర్ ఎవరిది వారికే సెట్ చేస్తారు, ముందు టెస్టు చేయించుకోమన్నాను. సింహాచలం గిరి ప్రదక్షిణ అయ్యాక వెళ్తానన్నాడు. ఆషాఢ పౌర్ణమి దాటిపోయింది. ఇప్పుడు దసరా అంటున్నాడు. ఈసారి వాళ్లావిణ్ని అడుగుదామనుకుంటున్నాను.