నామినేషన్ వేశాక ఏడాది

నిజానికి మా ప్రొద్దుటూరులో మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి కౌన్సిలర్‌గా నిలబడాల్సింది మా తోడికోడలు. నోరున్న మనిషి. కానీ ఆమెకు ముగ్గురు పిల్లలు. ఇద్దరికి మించి ఉంటే అప్పట్లో పోటీకి పనికిరారు. ఆ నిబంధన తీసేసింది 2024లో. సీటేమో మహిళలకు వచ్చింది. ఇక ఇంట్లో మిగిలింది నేనే.

2020 మార్చిలో నామినేషన్లకు మూడు రోజులే టైం. ఇంటి పన్ను, కుళాయి పన్ను రసీదులు వెతకడానికే ఒక రోజు పోయింది. చివరికి బియ్యం డబ్బా వెనకాల పాత కరెంటు బిల్లుల్లో దొరికాయి. పరిశీలనలో గట్టెక్కానని ఊపిరి పీల్చుకున్న మర్నాడే, 15న, కరోనా వల్ల ఎన్నికలు ఆపేశామన్నారు. ఆరు వారాలే అన్నారు. ఏడాది పట్టింది.

ఆ ఏడాదంతా నేను గెలిచిందీ లేదు, ఓడిందీ లేదు. జనానికి మాత్రం అప్పుడే కౌన్సిలర్‌ని. "అక్కా, మా వీధికి అడ్డంగా కట్టిన కట్టెలు ఎప్పుడు తీస్తారు?" అని ఫోన్లు. నాకేం తెలుసు! అయినా వార్డు సచివాలయంలో కనుక్కుని చెప్పేదాన్ని. తెలీదని పెట్టేస్తే మళ్లీ చేయరు, ఓటూ వేయరు. ఈ పని కాస్తో కూస్తో నేర్చుకున్నది అప్పుడే.

2021 మార్చిలో ఆగిన చోటి నుంచే, అంటే ఉపసంహరణల నుంచి, మళ్లీ మొదలుపెట్టారు. 10న పోలింగ్, బ్యాలెట్ కాగితాలతో. 14న లెక్కింపు. రెండంకెల మెజారిటీతో బయటపడ్డా.

18న ప్రమాణం. ఆ రోజే చేతులెత్తి చైర్‌పర్సన్‌ని ఎన్నుకున్నాం. చైర్‌పర్సన్‌ని ఎన్నుకునేది కౌన్సిలర్లని మా వీధిలో సగం మందికి తెలియదు. బయటికొస్తే ఒకాయన నన్ను దాటుకుని వెళ్లి, గేటు దగ్గరున్న మా ఆయనకు దండం పెట్టి "కంగ్రాట్స్ సార్" అన్నాడు. ఈయన కూడా నవ్వుతూ తీసుకున్నాడు!

మర్నాడు తెల్లారి ఐదింటికే ఫోన్, కుళాయి రాలేదని. పోయి చూస్తే వాల్వు గుంత నిండా బురద. వాల్వు తిప్పే అతను మోచేతి దాకా చెయ్యి పెట్టి, "వాచర్ అరిగిపోయిందమ్మా" అంటూ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించాడు. సన్నగా ధార మొదలైంది. బిందెల వరసలోంచి ఒక పెద్దామె నన్ను ఎగాదిగా చూసి, "మీ ఆయన రాలేదా?" అంది.

"ఆయనకు వాల్వు ఎక్కడుందో తెలీదు పెద్దమ్మా" అన్నా.